మత్స్యకన్య తోకకు ఫాల్

రెండువేల ఇరవై మూడు, మే నెల. టెక్సస్‌లోని ఇర్వింగ్. ఇండియన్ గ్రోసరీ స్టోరుకూ చాట్ కొట్టుకూ మధ్య ఇరుకుగా ఉండే నా కుట్టు షాపు. ఆ నెలలో గ్రాడ్యుయేషన్లు, గృహప్రవేశాలు, ఓణీల ఫంక్షన్లు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. "గ్రేస్ ఆంటీ, శుక్రవారానికి జాకెట్ ఇచ్చెయ్యాలి మీరు" అంటూ బుధవారం సాయంత్రం వచ్చేవాళ్ళతో నాకు రోజూ యుద్ధమే. నేను కుదరదంటాను, వాళ్ళు బతిమాలతారు, చివరికి కుట్టే ఇస్తాను. చీరాలలో మా మేనత్త దగ్గర కూర్చుని నేర్చుకున్న పని ఇది. చంక దగ్గర ముడత పడకుండా జాకెట్ కుట్టేది ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నేనని నా నమ్మకం. నమ్మకమేమిటి, నిజమే.

అలాంటి రద్దీలో ఒక మధ్యాహ్నం ఓ అమ్మాయి భుజానికి పెద్ద సంచి తగిలించుకుని వచ్చింది. జాకెట్ కొలతలకేమో అనుకుని టేపు అందుకున్నాను. ఆ అమ్మాయి సంచిలోంచి ఒక తోక తీసి కౌంటరు మీద పరిచింది. ఆకుపచ్చ పొలుసుల తోక, చివర రెండు పాయలుగా విచ్చుకున్న వెడల్పాటి రెక్క. మనిషి తొడుక్కునేంత పెద్దది.

"హాయ్ ఆంటీ, నేను హర్షిత. సుధాకర్ గారి డాటర్. ఇది ఫిక్స్ చేయగలరా?"

సుధాకర్ గారు నాకు తెలుసు. లాస్ కొలీనాస్‌లో ఆఫీసు, వాళ్ళావిడ జాకెట్లన్నీ నా చేతి మీదివే.

"ఏంటమ్మా ఇది?"

"మెర్మెయిడ్ టెయిల్ ఆంటీ. బర్త్‌డే పార్టీస్‌లో పూల్‌లో స్విమ్ చేస్తూ పర్ఫార్మ్ చేయాలి. ఫస్ట్ బుకింగ్ వచ్చింది, జూన్‌లో."

పుట్టినరోజులకు గారడీవాళ్ళను పిలుస్తారని తెలుసు, మొహాలకు రంగులేసేవాళ్ళను పిలుస్తారని తెలుసు. మత్స్యకన్యను కూడా పిలుస్తారని అప్పుడే విన్నాను. ఏ బట్ట చేతికొచ్చినా ముందు లోపలివైపు తిరగేసి చూడటం నా అలవాటు. ఆ తోకనూ తిరగేశాను. సాగే బట్టను మామూలు తిన్నటి కుట్టుతో కలిపేశారు. బట్ట సాగింది, దారం సాగలేదు, పుటుక్కున తెగింది. కూర్చునే చోట పూల్ గట్టు సిమెంటుకు రాసుకుని చిల్లులు పడ్డాయి. అన్నిటికన్నా ఘోరం లోపలి రెక్క. దాన్ని మోనోఫిన్ అంటారట, రెండు పాదాలనూ ఒకేదాంట్లో దూర్చే రెక్క. పాదాలను బిగించడానికి ప్లాస్టిక్ క్లిప్పులు పెట్టారు.

"ఈ క్లిప్పులు నీళ్ళలో ఊడతాయా?" అన్నాను.

హర్షిత క్లిప్పుల వంక చూస్తూ చెప్పింది. మొదటి ప్రాక్టీసులో అవి బిగుసుకుపోయాయట. ఈత వచ్చిన ఫ్రెండ్ పక్కనే ఉంది కాబట్టి పైకి లాగిందట. ఆ మాట ఇంట్లో తెలిసి సుధాకర్ గారు తోకను గరాజ్‌లో పెట్టి తాళం వేశారు.

"మమ్మీ కన్విన్స్ చేసి ఇప్పించింది. డాడీ ఒకటే అన్నారు. ఈ టెయిల్ వాటర్ లోపల నువ్వొక్కదానివే తీసేసుకుని నాకు చూపించు, అప్పుడే పార్టీ. లేకపోతే క్యాన్సిల్, ఇంకెప్పుడూ అడగొద్దు అని."

"పోనీ మానెయ్యొచ్చుగా. అంత అవసరమా నీకు?"

ఆ పిల్ల తోక మీది పొలుసులను వేలితో రాస్తూ చెప్పింది. "నా ఫిఫ్త్ బర్త్‌డేకి మెర్మెయిడ్ వచ్చింది ఆంటీ. బ్లాండ్ హెయిర్. నేను వెళ్ళిన అన్ని పార్టీస్‌లో అంతే. నాలాంటి హెయిర్ ఉన్న మెర్మెయిడ్స్ ఉంటారా అని అడిగాను. తను నవ్వింది, ఏం చెప్పలేదు. ఇప్పుడు ఈ పార్టీ కూడా మన తెలుగు పాపదే. ఉంటారు అని తనకి చెప్పాలి నేను."

నేను తోకను చుట్టచుట్టి నావైపు లాక్కుని, "దీనికి రిపేరు దండగ. కొత్తది చేద్దాం" అన్నాను.

ఏది కొనాలి, ఏది కుట్టాలి అన్నది తేల్చడానికే చాలా సమయం పట్టింది. హర్షిత ఫోనులో చూపించింది. సిలికోన్ తోకలున్నాయి. అచ్చం చేప చర్మంలా ఉంటాయి, చూస్తే కళ్ళు తిప్పుకోలేం. ధర చూస్తే పాత కారొకటి వస్తుంది. బరువేమో మనిషంత. కారులోంచి పూల్ దాకా మొయ్యడానికే ఇద్దరు కావాలి. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టు ఉందమ్మా అంటే హర్షితకు అర్థం కాలేదు, ఎలుక సంగతి చెప్తే పడీపడీ నవ్వింది. రెండో రకం నియోప్రీన్, సముద్రంలో దూకేవాళ్ళు వేసుకునే మందపాటి రబ్బరు బట్ట. జూన్ ఎండలో అది తొడుక్కుని గట్టు మీద కూర్చుంటే పిల్ల ఉడికిపోతుంది. మూడోది స్విమ్ సూట్ బట్టతో కుట్టేది. అన్నిటికన్నా చవక. చవకదని అందరూ తీసిపారేసేదీ అదే.

నాకు అదే నచ్చింది. హర్షితతో ఒకటే చెప్పాను. ప్రాణంతో పని ఉన్నచోట డబ్బు పెట్టు, అందంతో పని ఉన్నచోట చేతిపని పెట్టు. మోనోఫిన్ మాత్రం మంచిది కొనిపించాను. క్లిప్పులు లేనిది, మెత్తటి రబ్బరు జోళ్ళలా ఉండి మడమ లాగితే పాదం జారి వచ్చేసేది. తన దగ్గరున్న డబ్బులో ముప్పాతిక దానికే అయింది. మిగిలింది బట్ట. బట్ట సంగతి నేను చూసుకుంటానన్నాను.

తోక కుట్టడమంటే ఇన్నేళ్ళూ నేర్చుకున్నదంతా తలకిందులు చెయ్యడమే. లైనింగ్ లేని బట్ట నా షాపు గుమ్మం దాటదు. కానీ లైనింగ్ వేసిన ముక్కను సింకులో ముంచి ఎత్తితే తడిసిన బొంతలా వేలాడింది. తీసేశాను. హుక్కులు వద్దు, నాడా వద్దు, నడుముకు వెడల్పాటి ఎలాస్టిక్ ఒక్కటే, రెండు చేతులతో కిందికి తోస్తే మొత్తం జారిపోవాలి. బట్ట సాగినప్పుడు దారమూ సాగేలా కుట్లన్నీ జిగ్‌జాగ్. హర్షిత తళుకులు అడిగింది. తళుకులు గట్టుకు గీసుకుని రాలిపోతాయని, పిల్లల కాళ్ళకు గుచ్చుకుంటాయని ఒప్పుకోలేదు.

ఇంత చేసినా ఒక చిక్కు మిగిలింది. కొత్త తోకతో మొదటి ప్రాక్టీసు నుంచి వచ్చేసరికి రెక్క అంచు కిందివైపు నూగు లేచింది. గట్టు మీదికి పాకి కూర్చోవడం, మళ్ళీ జారడం, అదే పని కదా.

"అందుకే ఆంటీ అందరూ సిలికోన్ కొంటారు. ఇది టూ పార్టీస్ కూడా రాదు" అంది హర్షిత. మొహం చిన్నబోయింది.

అప్పుడు నా మిషను పక్కన ఎవరిదో పట్టుచీర ఉంది, ఫాల్ కుట్టడానికి వచ్చింది. చీర కుచ్చిళ్ళు నేలకు రాసుకునే చోట లోపలివైపు వేసే పట్టీ అది. నేలకు ఒరుసుకునేది ఫాల్, చీర కాదు. అరిగితే విప్పేసి ఇంకోటి వేస్తాం, చీర పదికాలాలు ఉంటుంది. పైగా ఆ బరువుకు కుచ్చిళ్ళు నిండుగా జారతాయి. ఆ చీర వంకా ఈ తోక వంకా చూశాను. నాకే నవ్వొచ్చింది.

"దీనికి ఫాల్ వేద్దామే" అన్నాను.

ఫాల్ గుడ్డను ముందు నీళ్ళలో నానబెట్టి ఆరేసి కుట్టాలి, లేకపోతే ఉతికాక అది ముడుచుకుని చీరను లాగేస్తుంది. ఇక్కడా అంతే చేశాను. అదే ఆకుపచ్చలో మందపాటి స్విమ్ సూట్ బట్ట తెచ్చి, నానబెట్టి, ఆరబెట్టి, రెక్క అంచు వెంబడి వెనకవైపు పట్టీ వేసి చేత్తో హెమ్మింగ్ చేశాను. కూర్చునే చోట అదే బట్ట అతుకు. ఆ బరువుకు రెక్క కూడా నీళ్ళలో నిండుగా విచ్చుకోవడం మొదలుపెట్టింది.

"ఫాల్ బయటకి కనిపిస్తుందా ఆంటీ? రియల్ కాదని కిడ్స్‌కి తెలిసిపోతుందేమో."

నాకు కోపం వచ్చింది. "నేను వేసిన ఫాల్ కుట్టు కనిపెట్టినవాళ్ళు ఇంకా పుట్టలేదు" అన్నాను.

సుధాకర్ గారి పరీక్ష హర్షిత ఫ్రెండ్ వాళ్ళ అపార్ట్‌మెంట్ పూల్‌లో జరిగింది. ఆయన ఆఫీసు నుంచి తిన్నగా వచ్చారు, మెడలో బ్యాడ్జి కూడా తియ్యలేదు. ఫ్రెండ్ నీళ్ళలో పక్కనే నిలబడింది. హర్షిత మునిగింది. నీళ్ళలో ఆకుపచ్చగా ఏదో కదిలింది. ఆయన గట్టు అంచుకు వచ్చేశారు. అంతలో హర్షిత తల ఒకచోట తేలింది, తోక ఇంకోచోట తేలింది.

"ఇంకోసారి" అన్నారాయన.

ఇంకోసారీ చేసింది. ఆయన మళ్ళీ అన్నారు, మళ్ళీ చేసింది. హర్షిత విసుక్కోలేదు. నేనే ఉండబట్టలేక, "ఏమండీ, పిల్ల అలిసిపోతుంది, నమ్మకం కుదరలేదా?" అన్నాను.

"నాకు ఈత రాదండీ" అన్నారు నెమ్మదిగా. "అది మునిగితే ఇక్కడ నిలబడి చూడటం తప్ప నేనేం చెయ్యలేను. అదీ నా భయం." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కాసేపటికి కూతురితో, "పార్టీ ఎప్పుడన్నావ్? నేనే డ్రైవ్ చేస్తా" అన్నారు.

పార్టీ శనివారం అయింది. ఆదివారమైతే నాకు చర్చి ఉంటుంది, వెళ్ళేదాన్ని కాదు. సూదీ దారం సంచిలో వేసుకుని నేనూ బయల్దేరాను. నాలుగింటికని పిలిచిన పార్టీకి నాలుగింటికి చేరింది మేమే. మనవాళ్ళ సంగతి తెలిసిందే, ఆరు దాటాక గానీ కార్లు రాలేదు. అప్పటిదాకా హర్షిత తోక తొడుక్కుని గట్టు మీద కూర్చుంది. సిలికోనో నియోప్రీనో అయితే ఈపాటికి కళ్ళు తిరిగి పడిపోయేది. ఇది పలచటి బట్ట కాబట్టి, నీళ్ళలోకి జారుతూ పైకి పాకుతూ హాయిగా కాలక్షేపం చేసింది. ఆ ఇంటి పెద్దావిడ, పాప నానమ్మ, పళ్ళెంలో మిరపకాయ బజ్జీలు తెచ్చి పెట్టింది. "మత్స్యకన్యయితే మాత్రం ఆకలెయ్యదా, తినమ్మా" అంది. సుధాకర్ గారు ఫెన్సుకు తగిలించిన లైఫ్ రింగ్ పక్కనుంచి కదల్లేదు.

పిల్లలొచ్చాక ఒకటే గోల. తోక మీద ఎక్కారు, లాగారు, గట్టు మీద ఈడ్చారు. నేను ఊపిరి బిగపట్టి చూశాను. ఒక్క పోగు లేవలేదు. కానీ పుట్టినరోజు పిల్ల అన్వి మాత్రం దగ్గరికి రాలేదు. నానమ్మ వెనక నక్కి, ఆవిడ కుచ్చిళ్ళు గుప్పిట్లో పట్టుకుని తొంగిచూస్తోంది. హర్షిత పిలిస్తే తల అడ్డంగా ఊపింది.

"తను రియల్ కాదు నానమ్మా. మెర్మెయిడ్స్‌కి బ్లాక్ హెయిర్ ఉండదు."

హర్షిత మొహంలో రంగు మారింది. ఇన్నాళ్ళ కష్టమూ 'ఉంటారు' అని ఆ పిల్లకు చెప్పడానికే కదా. అయినా నవ్వుతూ రెక్కను గట్టు మీదికి చాచి, "వచ్చి చూడు, రియలో కాదో నువ్వే చెప్పు" అంది.

అన్వి నానమ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా వచ్చింది. ముందు రెక్కను ఒక వేలితో ముట్టుకుంది. తర్వాత అంచు పట్టుకుని తిరగేసింది. అచ్చం నేను బట్టను తిరగేసినట్టే. వెనకవైపు పట్టీ మీద దాని వేలు నా కుట్టు వెంబడే నడిచింది. పిల్ల చప్పున నానమ్మ కుచ్చిళ్ళ కొస ఎత్తి చూసింది, మళ్ళీ తోక చూసింది.

"నానమ్మా, చూడు, సేమ్. నీ శారీకి ఉన్నది తనకి కూడా ఉంది."

పెద్దావిడ వంగి చూసింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"అవునే, ఫాల్" అంది ఆవిడ ఆశ్చర్యంగా.

అన్వి హర్షిత జుట్టు వంక చూసింది, మొహం వంక చూసింది. నానమ్మ చెయ్యి వదిలేసింది. "అయితే తను మన మెర్మెయిడ్" అంది. తోక పక్కన కూర్చుని రెండు కాళ్ళూ నీళ్ళలో పెట్టింది. "నాలాంటి హెయిర్ ఉన్నవాళ్ళు ఇంకా ఉన్నారా?" అని అడిగింది.

"ఉన్నారు" అంది హర్షిత. ఏడుస్తూ చెప్పింది, అప్పటికే మొహమంతా తడి కాబట్టి పిల్లకు తెలియలేదు.

ఆ వేసవిలో హర్షితకు చాలా బుకింగ్‌లు వచ్చాయి. ఫాల్ మార్చాం, తోక మాత్రం అదే. తర్వాత తన స్నేహితులకూ తోకలు కుట్టిచ్చాను, ఈ ఊళ్ళో జాకెట్లకే కాదు తోకలకూ గ్రేస్ ఆంటీయే అంటున్నారు, కాదని నేనెందుకంటాను. కనిపించని కుట్టే మంచి కుట్టని మా మేనత్త నేర్పింది. జాకెట్ల విషయంలో ఇప్పటికీ నాది అదే మాట. తోకలకు మాత్రం ఫాల్ వేసేటప్పుడు చివర ఒకచోట, చిన్నపిల్ల వేలికి తగిలేలా, ఒక కుట్టు పైకి వదులుతాను.