ఎడమవైపు ఈల

కార్లలో గాలి చప్పుళ్లు పట్టడంలో అతను పెట్టింది పేరు. షెడ్డులో అందరికీ అతను చెవుల మేస్త్రి. వెనక సీట్లో కళ్లు మూసుకుని కూర్చుంటే చాలు, గాలి ఏ సందులోంచి దూరుతోందో చెప్పేసేవాడు.

ఎడమ చెవి పోయిందని, ఇక తిరిగి రాదని పోయిన వారం డాక్టరు చెప్పింది. మేస్త్రి చీటీ మడిచి జేబులో పెట్టుకుని పనిలోకి వెళ్లిపోయాడు. ఏడుపొస్తుందేమోనని రెండు రోజులు చూశాడు. రాలేదు.

ఆ తర్వాత ఒక టీచరమ్మ కారు తెచ్చింది. ఎనభై దాటితే ఈల వేస్తోందట. షెడ్డులో భాగస్తుడైన బావ నడిపాడు. టీచరమ్మ అతని పక్కన, మేస్త్రి వెనక కూర్చున్నారు.

"కుడివైపు, వెనక తలుపు," అన్నాడు మేస్త్రి.

"నాకు ఎడమవైపు వినిపిస్తోందండీ."

"మా వాడి చెవి తప్పదమ్మా. దోమ ఏ రెక్క ఊపిందో కూడా చెప్తాడు," అని బావ నవ్వాడు.

కుడి తలుపు సందులన్నీ కాగితం టేపుతో మూసి మళ్లీ వెళ్లారు. ఈల అలాగే ఉంది. బావ కారు పక్కకు తీసి ఆపాడు.

"బావా, నా ఎడమ చెవి పోయింది. నాకిప్పుడు అన్నీ కుడివైపే వినిపిస్తాయి." వేరెవరి సంగతో చెప్తున్నట్టే ఉంది మేస్త్రి గొంతు.

"చెల్లెమ్మకి చెప్పావా?"

"ఎవరికీ చెప్పలేదు."

మేస్త్రి దిగి ఎడమవైపు సందులు కూడా టేపుతో మూశాడు. ఈసారి ఈల లేదు.

"ఒక్కోటీ పీకుతానమ్మా. ఈల రాగానే మీరు చెప్పండి."

ఒక్కో టేపు పీకడం, కొంత దూరం వెళ్లి రావడం. ఎడమ ముందు తలుపు పైమూల టేపు పీకాక టీచరమ్మ, "ఇదిగో, వచ్చింది!" అంది. మేస్త్రి ఆ మూలలో కాగితం ముక్క పెట్టి, తలుపు వేసి, ఆ ముక్కను లాగాడు. పట్టు లేకుండా జారి వచ్చేసింది. అక్కడ రబ్బరు నలిగి చదునైపోయింది. కొత్తది వేశాడు.

"అబ్బ, ఎంత హాయిగా ఉందో!" అంది టీచరమ్మ. మేస్త్రి తలూపాడు. ఇదివరకైతే ఇలాంటప్పుడు అతనికి ఛాతీ పొంగేది.

"రేపట్నుంచి బండి నువ్వు నడుపు, వెనక నేను కూర్చుంటా," అన్నాడు బావ చేతులు తుడుచుకుంటూ. "నావి గాడిద చెవులే అనుకో, రెండున్నాయి కదా!"

"అలాగే," అన్నాడు మేస్త్రి.

సాయంత్రం భార్యకు చెప్పాడు. ఆమె చాలాసేపు ఏడ్చింది. అతను పక్కనే కూర్చుని, ఆమె ఏడుపు ఆగేదాకా చూస్తూ ఉన్నాడు. తర్వాత లేచి ఇద్దరికీ అన్నం వడ్డించాడు.