ఏటికి వదిలిన చేప

దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. ఇవాళ వాకిట్లో తడిసిన కోడి ఈక చూడగానే మా స్వర్ణముఖి ఏరు గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు, మంచం పట్టిన అమ్మ చేపల పులుసు అడిగింది. నాయన గాలానికి పురుగులాగా కోడి ఈక కట్టి, మోకాటి లోతు నీళ్ళలో గుండ్రటి బుట్టలాంటి చిన్న పుట్టిలో నన్నూ ఎక్కించుకుని పొద్దంతా తిరిగి ఒకే ఒక్క చేప పట్టాడు. ఆయన అటు తిరగగానే నేను దాన్ని వదిలేశాను.

"చేప యాడమ్మా?"

"ఏటికిచ్చేసినా నాయనా. అమ్మకు బాగైతే చేపను వదుల్తానని అవ్వ మొక్కుకునింది గదా? ముందే వదిల్తే తొందరగా బాగైపోతాది."

నాయన గాలం చుట్టేశాడు. ఇంటికొచ్చి, "ఈ పొద్దు ఒక్కటీ పడలేదు" అన్నాడు.

"నీ ఈకను నమ్మే ఎర్రి చేప యాడుండాది?" అని అమ్మ నవ్వి, చారన్నం తిన్నది. ఆ వారం దాటకుండానే పోయింది.

నాయన ఆ చేప సంగతి చివరిదాకా ఎవరికీ చెప్పలేదు.

మీ ఇంట్లో ఎవరేం తినాలనుందన్నా, ఆ పూటే వండిపెట్టే భాగ్యం మీకు కలగాలి.