కట్ట మీద ముఖం తిప్పుకున్న మనిషి

వైరా రిజర్వాయరు కట్ట మీద నడవడానికి పెద్ద ఓపిక అక్కర్లేదు. ఎత్తుపల్లాలుండవు. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పొలాలు, పొద్దున్నే చల్లగాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా కబుర్లు చెప్పుకుంటూ చివరిదాకా వెళ్లి వస్తారు. మా ఆయనా నేనూ ఏళ్ల తరబడి అలాగే నడిచాం. ఆయన పోయాక ఇల్లు మీద పడ్డట్టుండేది. కట్ట మీద ఉన్నంతసేపే నాకు సరిగ్గా ఊపిరాడేది. అందుకే చర్చివాళ్లు ఇంటికి వచ్చి ఆదరణ కూడిక జరిపి, ప్రార్థన చేసి వెళ్లిన మర్నాడే బూట్లు వేసుకుని బయల్దేరాను.

చర్చిలో నా పక్కనే చాప మీద కూర్చునే ఒకామె ఉంది. నాకంటే పెద్దది, అక్కా అని పిలుస్తాను. ఆమె కట్టకు అటు చివర నుంచి నడిచేది, నేను ఇటు నుంచి. మధ్యలో ఎదురుపడి పలకరించుకునేవాళ్లం. ఆ రోజు నేను దగ్గరికి రాగానే ఆమె ఆగి, నీళ్ల వైపు తిరిగి నిలబడింది. కొంగల్ని చూస్తోందనుకున్నాను. మర్నాడూ అంతే. మూడో రోజు నీళ్లలో కొంగ కాదు కదా, కప్ప కూడా లేదు. అప్పుడు అర్థమైంది. వాళ్లమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. పొద్దున్నే ముండమోసిన ముఖం చూడకూడదని ఆమె బాధ.

ఒళ్లు మండిపోయింది. మా ఇళ్లలో బొట్టు పెట్టుకోం, కాబట్టి చెరపడానికి నాకు బొట్టు కూడా లేదు. వర్జ్యాలూ రాహుకాలాలూ చూడం. అవన్నీ తాతల నాడే వదిలేశామని గొప్పలు చెప్పుకుంటాం. అన్నీ వదిలేసి, ఇదొక్కటి మూటగట్టుకుని తెచ్చుకున్నామా?

ఇంటికొచ్చి ఆడబిడ్డతో చెప్పాను. నా మేలు కోరే మనిషే. పోనీ కొంచెం ఎండెక్కాక వెళ్లరాదా అంది, ఎవరి మనసూ కష్టపెట్టడం ఎందుకంది. నా మనసు ఎవరికీ గుర్తు రాలేదు. ఆ వారమంతా ఎండలోనే నడిచాను. కట్ట మీద నీడ ఉండదు. ఒక రోజు కళ్లు తిరిగి రాళ్ల మీద కూలబడ్డాను. ఎండ మీద కాదు, ఆ మాట విన్నందుకు నా మీదే నాకు కోపం వచ్చింది.

మళ్లీ పాత టైముకే వెళ్లాను. ఆమె మళ్లీ నీళ్ల వైపు తిరిగింది. ఈసారి నేను దాటిపోలేదు. వెళ్లి పక్కనే నిలబడ్డాను.

"అక్కా, ఆయన పోయిన్నాడు నన్ను ఒళ్లో పండబెట్టుకున్నవ్. ఆనాడు నా ముఖం చూడలేదా?"

ఆమె నీళ్లనే చూస్తూ, పిల్లలకు సర్దిచెప్పినట్టు మెల్లగా అంది.

"చూసిన చెల్లె. అప్పుడు మా ఇంట్ల శుభకార్యం ఏం లేదు గదా."

తిట్టినా బాగుండేది, నాలుగు మాటలు అనేదాన్ని. ఇంటికెళ్లి గిన్నెలన్నీ చప్పుడయ్యేట్టు తోమాను.

మర్నాడు ఆమె నీళ్ల వైపు తిరగబోతుంటే, కట్ట మీదున్న వాళ్లందరికీ వినపడేలా "వందనాలక్కా" అన్నాను. మా వాళ్లలో వందనం చెబితే బదులు చెప్పి తీరాలి. కోర్టుల్లో కొట్లాడుకునే అన్నదమ్ములు కూడా చెబుతారు, అదీ చేతులు జోడించి, ముఖం చూసి. నడిచేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆగి మా వైపు చూశారు. ఆమె తిరగక తప్పలేదు. "వందనాలు చెల్లె" అంది.

అప్పటినుంచి రోజూ ముందు నేనే చెబుతున్నాను. మేమిద్దరం సమాధానపడ్డామని చర్చిలో అందరూ సంతోషిస్తున్నారు. నేనేం క్షమించలేదు. పొద్దున్నే నా ముఖం చూడకుండా ఆమెను ఆ కట్ట దాటనివ్వను, అంతే.