మామ్మ దాచిన తూర్పు దిబ్బ కథ

ఆ రోజుల్లో, అంటే అరవైల చివర్లో, నౌపడ అవతల మా ఊళ్ళో ఏ సంవత్సరానికీ అంకె ఉండేది కాదు. ఏళ్ళన్నీ మా మామ్మ నోట్లో ఉండేవి, అవీ జనాల పరువుతో ముడిపడి. "ఫలానావోడు పెళ్ళిపీటల మీంచి పారిపోయిన ఏడు", "ఫలానా కోడలు అత్తని గదిలో ఎట్టి గొళ్ళెమెట్టిన ఏడు", అలాగన్నమాట. (ఆవిడ ఎదురొస్తే పెద్దమనుషులు సందు మారేవారు.) అయినా సముద్రం పక్కనున్న ఇసుక దిబ్బల్లో దేన్ని మేపాలో, దేన్ని గడ్డి ఎదగడానికి వదిలెయ్యాలో ఆవిణ్ణే అడగాలి. మిగతావాళ్ళకి గుర్తుంటేగా!

ఆ ఏడు వానల్లేవు. ఊళ్ళో అందరికన్నా పెద్ద మంద ఉన్నాయన తూర్పు దిబ్బ మీదికి గొర్రెల్ని తోలుకొచ్చాడు. ఆయన కూతుర్ని నాకివ్వడానికి అప్పుడే మాటలు నడుస్తున్నాయి. ఆ పిల్లంటే నాకు ప్రాణం. అందుకే మామ్మ కర్ర పట్టుకుని దిబ్బకి బయల్దేరగానే నేనూ వెంటపడ్డాను. "ఆయన్ని ఏటీ అనకే మామ్మా, నీ కాళ్ళు మొక్కుతాను" అని దారంతా బతిమాలాను. "నాకేటి పని!" అంది. నేను నమ్మాను కూడా.

"మా నాయిన కాలం నుంచీ కరువొస్తే ఈ దిబ్బే మేపుతన్నాం పెద్దమ్మా" అన్నాడాయన, జనం ముందు.

"ఒరే, ఇక్కడ మేత మానిపించిందే మీ నాయినరా" అంది మామ్మ. "నువ్వు పుట్టే ముందొచ్చిన కరువులో గడ్డి మొదలంటా మేపీసినాడు. గాలికి ఇసకంతా లేసి సేలని కప్పీసింది. మందనమ్మీసి ఉప్పుమళ్ళలో కూలికెళ్ళినాడు. నువ్వు పుట్టినావని కబురొస్తే, 'నా కొడుక్కి ఇసకే మిగిల్సినాను' అని ఏడిసినాడు. కరువేడు దీని జోలికెళ్ళొద్దని అందరి కాళ్ళూ పట్టుకున్నాడు."

"నాకెవులూ సెప్పలేదు" అన్నాడాయన.

"ఆ ఏడుపు సంగతి నీకు సెప్పొద్దని నా సేత ఒట్టేయించుకున్నాడు. ఇదిగో, ఒట్టు తీసి గట్టు మీదెట్టినాను."

ఆయన మందని వెనక్కి మళ్ళించాడు. నా పెళ్ళి కూడా ఆ గొర్రెల వెనకే వెళ్ళిపోయిందనుకున్నాను. కొంతదూరం పోయి ఆయన వెనక్కి తిరిగాడు. "పెద్దమ్మా, మా పిల్లని మీ ఇంటికే ఇస్తన్నాను. లేపోతే మావోళ్ళవి ఇంకా ఏటేటి బయటెడతావో!"

జనం ఘొల్లుమన్నారు. మామ్మ నవ్వలేదు, దిబ్బ మీది గడ్డినే చూస్తూ నిలబడింది. అంత నోరున్న మనిషి ఆ ఒక్క సంగతినీ అన్నేళ్ళు కడుపులో దాచుకుందంటే నాకిప్పటికీ అబ్బురమే.

ఇప్పుడు కరువొస్తే ఏ దిబ్బ మేపాలో అడగడానికి కుర్రాళ్ళు నా దగ్గరికొస్తారు. "మా తాత ఏడిసిన సంగతి సెప్పకు, పరువు పోతాది!" అంటుంది మా ఆవిడ లోపల్నుంచి. చెప్పకపోతే గొర్రెలు ఆగవు కదా, చెప్తాను. ఆ రోజు నా పెళ్ళి గొడవలో పడి సగం మనసుతోనే విన్నాను, పిచ్చి వెధవని. ఇప్పుడు ఆ తాత ఏడ్చిన చోటికి రాగానే ఆగిపోతాను. మిగతాది మా ఆవిడే వచ్చి చెప్పేస్తుంది.