ఆగండమ్మ గ్లాసు

ఫైర్ స్టేషన్ వంటగదిలో పొయ్యి పక్కన ఒక చెక్క అర ఉంది. దాని మీద స్టీలు గ్లాసులు వరసగా బోర్లించి ఉంటాయి. ప్రతి గ్లాసు అడుగునా మేకుతో గీసిన గుర్తు ఉంటుంది. ఒకదానికి చేప, ఒకదానికి నిచ్చెన, ఒకదానికి ఊరికే మూడు గీతలు. గ్లాసు ఉన్నవాళ్లు అందులో టీ తాగుతారు. లేనివాళ్లకి కాగితం కప్పు.

అంబులెన్సు వాళ్ల గది కూడా ఆ ఆవరణలోనే, షెడ్డు చివర. కొత్తగా పారామెడిక్‌గా చేరినావిడ మొదటి రోజే ఆ అర చూసింది. అంబులెన్సు డ్రైవరుకి కూడా అక్కడ గ్లాసుంది, చక్రం గుర్తుతో.

"నీకెలా ఇచ్చారు అన్నయ్యా?" అని అడిగింది.

"ఇచ్చారు, తీసుకున్నాను," అన్నాడు డ్రైవరు. అడగకపోయినా నాలుగు కబుర్లు చెప్పే మనిషి ఆ ఒక్క మాట దగ్గర నోరు కట్టేసుకున్నాడు.

ఆమె అంతకుముందు ఒక ఆసుపత్రిలో స్ట్రెచర్లు తోసేది. కూతురు ఎక్కాలు వల్లెవేసే బల్లకి రెండో వైపు కూర్చుని చదివి కోర్సు పూర్తిచేసింది. ఎంపిక రోజున ఇసక కూరిన బొమ్మని స్ట్రెచర్ మీద కట్టి, ఇద్దరేసి చొప్పున మెట్లు దింపమన్నారు. తక్కినవాళ్లు పోటీపడి పరుగులు పెట్టారు. ఆమె మెట్ల మలుపులో జతగాణ్ని ఆగమని, స్ట్రెచర్ దించి, అరచేతులు బట్టలకి తుడుచుకుని మళ్లీ ఎత్తింది. అందరికంటే ఆఖరున కిందికి చేరింది.

"ఎందుకాగావు?" అన్నాడు పరీక్ష పెట్టినాయన.

"చేతులు చెమట పట్టాయి సార్. జారితే ఇది బొమ్మ కాబట్టి సరిపోతుంది."

ఆ జవాబుకే ఉద్యోగం వచ్చింది.

"ఎవరికో ప్రాణం మీదికొస్తే తప్ప నీకు పనుండదు. ఇదేం ఉద్యోగమే తల్లీ!" అని అత్తగారు మూతి విరిచింది. పక్కింటావిడతో మాత్రం, "మా కోడలు వెళ్లాకే డాక్టర్లు వెళ్తారు" అని చెప్పుకుంది.

ఫైర్ వాళ్లకి వేగమే అన్నం పెట్టే విద్య. తలుపు విరగ్గొట్టడం, ఇనుము కొయ్యడం, మనిషిని బయటికి లాగడం, అన్నీ ఒక్క ఊపులో జరిగిపోవాలి. ఈమె వెళ్లి మధ్యలో నిలబడి "ఆగండి" అనేది. మెడకి పట్టీ వెయ్యాలి, ఆగండి. ఊపిరి చూడాలి, ఆగండి. వారం తిరక్కుండా ఆగండమ్మ అని పేరు పెట్టారు. పెట్టినవాడు గునపం అని అందరూ పిలిచే ఫైర్‌మన్. మనిషి కూడా గునపంలాగే పొడుగ్గా, నిటారుగా ఉంటాడు.

"ఆలస్యం అమృతం విషం అన్నారమ్మా పెద్దలు!" అనేవాడు.

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారు."

"వాళ్లు వేరే పెద్దలు. ఫైర్ స్టేషన్లో పనిచేసినవాళ్లు కాదు."

స్టేషన్ నాయకుణ్ని అందరూ పెద్దాయన అంటారు. ఆయన నవ్వేవాడు కాదు, నవ్వేవాళ్లని ఆపేవాడూ కాదు.

లిఫ్టు గోతిలో పడ్డవాణ్ని ఆమె బతికించింది. నుజ్జయిన కారులోంచి ఒక ముసలామెని వెన్నుకి దెబ్బ తగలకుండా తీయించింది. తిరిగొచ్చాక చేతికి కాగితం కప్పే వచ్చింది. "ఇంకేం చేస్తే ఇస్తారు ఆ గ్లాసు?" అని ఒకరోజు డ్రైవరు మీద విసుక్కుంది. "తొందరపడకు చెల్లెమ్మా. అది రాకపోతేనే మంచిది," అన్నాడాయన. ఆవిడకి అది ఓదార్పు మాటలా వినిపించి ఇంకా మండింది.

ఆ వారమే నడివీధిలో, కూతురి బడి ఎదురుగా, ఆమె ఒక స్కూటరువాడి మెడ తడిమి చూస్తుంటే గునపం గట్టిగా అన్నాడు: "ఆగండమ్మా, ఇంకాసేపు ఆగితే పేషెంటే లేచి నడిచిపోతాడు!" చుట్టూ చేరిన జనం గొల్లుమన్నారు. సాయంత్రం కూతురు పుస్తకాల సంచీ దించుతూ, "అమ్మా, నిన్ను ఆగండమ్మ అంటారా? మా క్లాసంతా నవ్వారు," అంది. అత్తగారు పొలమారేదాకా నవ్వింది. ఆమె కూడా నవ్వింది, నవ్వకపోతే బాగుండదని.

తరవాత కొన్నాళ్లకి ఒక గోడౌన్ నుంచి పిలుపు వచ్చింది. బస్తాల ఇనుప రాక్ విరిగి ఒక హమాలీ మీద పడింది. తెల్లారకముందే పనిలోకి వచ్చిన మనిషి. పడింది వెనక మూలలో. తక్కినవాళ్లు వచ్చి చూసేసరికి పొద్దు బాగా ఎక్కింది. రెండు తొడలూ రాక్ ఇనుప దూలం కింద ఉన్నాయి. తెలివిలోనే ఉన్నాడు.

"కాళ్లు తిమ్మిరెక్కాయి, అంతే," అన్నాడు ఆమెతో. "నా చెప్పొకటి ఎటో పోయింది. కొత్త జతమ్మా. కాస్త చూడమని చెప్పు."

బరువు కింద గంటల తరబడి నలిగిన కండలో విషం పేరుకుంటుంది. బరువు ఉన్నంతసేపు అక్కడే ఉంటుంది. ఎత్తగానే రక్తంతో పాటు బయల్దేరి గుండెకి చేరుతుంది. అందుకే ముందు సెలైన్ ఎక్కించి, ఆ తరవాతే బరువు ఎత్తాలి. ఇది ఆమెకి తెలుసు. పరీక్షలో రాసింది కూడా.

సూది తీసింది. దుమ్మూ చెమటా కలిసి చెయ్యి జారింది, నరం దొరకలేదు. మరో చెయ్యి పట్టుకుంది. అప్పటికే జాకీలు బిగించేశారు. పెద్దాయన జాకీ మీద చెయ్యి వేసి ఆమె వైపు చూశాడు.

"ఏమ్మా, ఎత్తమంటావా?"

వెనక గునపం గొంతు సవరించుకున్నాడు. హమాలీ మొహం బాగానే ఉంది. మాటా బాగానే ఉంది. సూది అంబులెన్సులో పెట్టొచ్చులే అనుకుంది.

"ఎత్తండి," అంది.

దూలం లేచింది. "అబ్బ, ప్రాణం లేచొచ్చింది," అన్నాడు హమాలీ. స్ట్రెచర్ మీదికి చేర్చారు. అంబులెన్సు తలుపు దగ్గర అతను ఇంటికి ఎవరు కబురు పెడతారని అడగబోయాడు. మాట సగంలో ఆగిపోయింది. ఆసుపత్రి దాకా ఆమె అతని ఛాతీ నొక్కుతూనే ఉంది. బయల్దేరే ముందు గునపం ఆ చెప్పు వెతికి తెచ్చి లోపల పెట్టాడు. దారిపొడుగునా అది నేల మీద అటూ ఇటూ జారుతూ ఉంది.

"సెలైన్ బరువు ఎత్తకముందు పెట్టావా, తరవాతా?" అని డాక్టరు అడిగాడు.

"తరవాత."

డాక్టరు గడియారం చూసి, హమాలీ పోయిన వేళ కాగితం మీద రాసుకున్నాడు.

మర్నాడు ఆమె రాజీనామా చెప్పడానికే వంటగదిలోకి వెళ్లింది. అందరూ ఉన్నారు. అర మీద చివర ఒక కొత్త గ్లాసుంది. అడుగున అరచెయ్యి బొమ్మ.

"నేనే గీశాను," అన్నాడు గునపం నేల చూస్తూ. "వేళ్లు సరిగా కుదర్లేదు."

"నాకొద్దు సార్," అంది ఆమె పెద్దాయనతో. "ఆపాల్సింది నేను. ఆపలేదు. మీకు తెలియక ఇస్తున్నారు."

"తెలిసే ఇస్తున్నాం." ఆయన చేప గుర్తున్న గ్లాసు తీసి బల్ల మీద పెట్టాడు. "చెరువులో ఒకడు మునిగిపోతుంటే నేను తాడు కోసం చూస్తూ గట్టున నిలబడ్డాను. దూకితే దొరికేవాడు. ఆ నిచ్చెన గ్లాసు ఈ గునపానిది, ఏం జరిగిందని వీణ్ని అడక్కు. ఎవరినో కాపాడినందుకు గ్లాసు ఇవ్వం తల్లీ. కాపాడటం జీతానికి చేసే పని."

డ్రైవరు పొయ్యి వైపు తిరిగి పాలు కలుపుతున్నాడు. అవి కలపాల్సిన అవసరం లేదు.

ఆమెకి ఒక్క సంగతే తెలియాలి. "నిన్న నేను ఆగమంటే ఆగేవారా? నిజం చెప్పండి సార్."

ఆగేవాళ్లం కాదు అంటాడని ఆశపడింది. ఆ ఒక్క మాట దొరికితే చాలు, దాన్ని పట్టుకుని బతికెయ్యొచ్చు.

పెద్దాయన ఆమె వైపు ఆశ్చర్యంగా చూశాడు. "ఎప్పుడు ఆగలేదు? నవ్వుతూనైనా ప్రతిసారీ ఆగాం కదమ్మా. నిన్న కూడా జాకీ మీద చెయ్యి వేసి కాసేపు ఊరుకున్నాను. నువ్వు ఎత్తండి అన్నాక కూడా. ఆగండి అంటావేమోనని చూశాను."

రాజీనామా మాట ఆమె నోట రాలేదు. ఎక్కడికి వెళ్లినా పెద్దాయన చెప్పిన ఆ మాట వెంట వస్తుంది. టీ పోశారు. తాగింది.

"గ్లాసిచ్చారటగా, ఇంటికి తీసుకురా, చూస్తాం," అంది అత్తగారు.

"అది అక్కడే ఉండాలి అత్తయ్యా."

ఆమె ఇప్పటికీ అక్కడే పనిచేస్తోంది. అవసరం ఉన్నా లేకపోయినా ఆగండి అంటుంది. చెయ్యెత్తితే చాలు, రంపాలు ఆగిపోతాయి, జాకీలు ఆగిపోతాయి, పెద్దాయనతో సహా అందరూ బిగబట్టుకుని ఆమె మొహంలోకి చూస్తారు. ఆగండమ్మ అన్న పేరు ఆ మర్నాటి నుంచే మానేశారు. ఇప్పుడంతా మేడమ్ అంటున్నారు. ఆ నిశ్శబ్దంలో నరం వెతుక్కుంటూ, ఎవరైనా ఒక్కరు నవ్వితే బాగుండునని చెవి అటు వేస్తుంది. ఎవరూ నవ్వరు.