రెండు గుర్తుల గొర్రె

మెరెరిద్ రోజూ తలుపు తీసేముందు కిటికీలోంచి కొండను చూసుకునేది. పక్క పొలం ఇథెల్ తన గొర్రెల్ని తోలుకుపోతాడని ఆమె అనుమానం. కింద ఇద్దరి పొలాల మధ్య రాతిగోడ ఉంది గానీ పైన కొండ మీద ఏ అడ్డూ లేదు.

ఆమె గొర్రెలకు ఎడమ చెవి కొస తెగి ఉంటుంది, ఇథెల్ గొర్రెలకు కుడి చెవిలో గాటు. మే నెలలో ఊరివాళ్లు ఒకరి గొర్రెపిల్లల్ని ఒకరు పట్టుకుని సాయపడుతూ చెవి గుర్తులు వేసుకుంటారు. మెరెరిద్ మాత్రం ఎవర్నీ పిలవదు. తన మందలో పరాయివాడు కత్తి పట్టుకు తిరగడం ఆమెకు గిట్టదు.

ఊలు కత్తిరింపు మాత్రం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ఆ జూలైలో ఇరుగుపొరుగంతా ఆమె దొడ్లో ఊలు కత్తిరిస్తుంటే, రెండు గుర్తులూ ఉన్న ఏడాది గొర్రె ఒకటి బయటపడింది.

"నా గొర్రెకు గాటెందుకు పెట్టావు?" అంది మెరెరిద్.

"నా గొర్రె చెవి కోసింది నువ్వు," అన్నాడు ఇథెల్, ఊలు కత్తిరించే బల్ల మీంచి లేవకుండానే. "రెండో చెవి కూడా కోసేసుంటే గొడవే ఉండేది కాదు."

ఎవరో నవ్వారు. నవ్విందెవరో ఆమె గుర్తుపెట్టుకుంది.

"నేను పరాయి గొర్రె మీద చెయ్యి వెయ్యలేదు. ఇది నిజం."

ఆదివారం బడిలో పెద్దలకు బైబిలు చెప్పే ముసలి ఎమ్రిస్ కత్తెర పక్కన పెట్టాడు.

"నిజమేనేమో తల్లీ. కానీ మనం 'కవిర్' అంటామే, సరైనదని, అది ఇంకా కాలేదు. మన భాషలో 'కలిసి', 'నిజం' అనే రెండు మాటలు అతికించి పెద్దలు చేసిన మాట అది. నీ నిజం పక్కన ఇంకొకరి నిజం పెట్టి చూస్తే రెండూ కుదరాలి. నమ్మకస్తుడైన మనిషినీ అందుకే కవిర్ అంటాం. నువ్వు గుర్తు వేస్తుంటే చూసినవాళ్లున్నారా?"

మెరెరిద్ తల అడ్డంగా ఊపింది. ఊరు తనను కవిర్ అనే తలుచుకుంటుందని ఆమెకు తెలుసు. ఇవాళ ఆ పేరు పోయేలా ఉంది.

"గొర్రెనే అడుగుదాం. తల్లి మేసిన చోటికే పోతుందది," అన్నాడు ఎమ్రిస్.

వదిలారు. గొర్రె నిలబడి ఒక్కొక్కరినీ ఎగాదిగా చూసింది.

"ఆ చూపు చూస్తే నీదే అనిపిస్తోంది," అన్నాడు ఇథెల్.

కానీ అది కొండెక్కి, మెరెరిద్ మంద మేసే వాలు దాటి, వాగు అవతల ఇథెల్ మందలో కలిసింది.

కిందటేడు మే నెలలో పొగమంచు కమ్మిన రోజు ఆమెకు గుర్తొచ్చింది. ఆ మంచులో ఇథెల్ వస్తాడేమోనన్న భయంతో, దొరికిన పిల్లకల్లా గబగబా చెవి కోసింది. కుడి చెవి చూడనేలేదు.

"కోసింది నేనే. చూడకుండా కోశాను," అంది అందరి ముందూ.

మళ్లీ మే వచ్చింది. మెరెరిద్ ఇథెల్ గేటు దగ్గర నిలబడింది.

"నా పిల్లలకు గుర్తులు వేస్తున్నాను, రా. కుడి చెవి నువ్వు చూడు. ఎడమది నేను కోస్తాను."

"నా కత్తి తెచ్చుకోనా?"

"అక్కర్లేదు. నాది చాలు."