పెంటపాడు మైకులో మావాడి గొంతు

మా నలుగురిలో క్రికెట్ సరిగ్గా ఆడగలిగినవాడు ఒక్కడూ లేడు. ఏలూరు కాలేజీలో చదువుకునే రోజుల్లోనే ఆ సంగతి తేలిపోయింది. అయినా వేసవి వచ్చిందంటే, రెండో పంట దాళ్వా కోతలైన చేలల్లో టెన్నిస్ బంతి టోర్నమెంట్లు ఎక్కడ జరిగితే అక్కడికి బస్సెక్కి వెళ్ళిపోయేవాళ్ళం. ముగ్గురం గట్టు మీద చతికిలబడి చూసేవాళ్ళం. కొల్లేటికోట నుంచి వచ్చిన మావాడు మాత్రం నేరుగా షామియానాలోకి వెళ్ళి మైకు అందుకునేవాడు.

వాడి కామెంటరీ కోసం ఆట తెలియనివాళ్ళు కూడా వచ్చి నిలబడేవారు. "బంతిగారు బోదె కాలవలో స్నానానికి దిగారండీ. ఫీల్డరుగారు తువ్వాలు కూడా పట్టుకెళ్తే బాగుంటుంది" అనేవాడు. అవుటైనవాణ్ణి "దయచేయండి బాబూ, తమరికి భోజనం వేళయింది" అని సాగనంపేవాడు. ఆ అవుటైనవాడు కూడా నవ్వుకుంటూ వచ్చేవాడు. పెళ్ళిళ్ళయి, ఉద్యోగాలూ వ్యాపారాలూ వచ్చాక కూడా వాడు మైకు వదల్లేదు, మేం గట్టు వదల్లేదు.

తర్వాత వాడికి గొంతులో కాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది. ఇప్పుడు మెడ ముందున్న రంధ్రం లోంచి ఊపిరి పీలుస్తాడు. దాని మీద పల్చటి నూలు గుడ్డ కట్టుకుంటాడు. ఏదైనా చెప్పాలంటే ఫోన్లో టైపు చేసి చూపిస్తాడు.

ఈ మే నెలలో నలుగురం మళ్ళీ కలిశాం. జంగారెడ్డిగూడెంలో బట్టల కొట్టున్నవాడు కారు తెచ్చాడు. ఏలూరు మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పేవాడు, కొల్లేటికోటవాడు అందులోనే ఎక్కి తాడేపల్లిగూడెంలో మా ఇంటికి వచ్చారు. భోజనాలయ్యాయి. పెంటపాడు దగ్గర టోర్నమెంట్ జరుగుతోందని మా ముగ్గురికీ తెలుసు. ఆ మాట ఎత్తడానికి ఎవరికీ నోరు రాలేదు. చివరికి వాడే ఫోను తిప్పి చూపించాడు. "వెళ్దాం. ఎండ తగ్గనివ్వండి."

రోడ్డు పక్కన కారు ఆపి చేలోకి దిగాం. దుమ్ము లోపలికి పోకుండా వాడు మెడ మీది గుడ్డ తడుపుకున్నాడు. ఆట ఇంకా మొదలు కాలేదు. మేం గట్టు ఎక్కుతుండగా మైకులోంచి వాడి గొంతు వినిపించింది.

"నమస్కారమండీ, కొల్లేటికోట మైదానానికి విచ్చేసిన పెద్దలందరికీ..."

నేను వెనక్కి తిరిగి వాడి వైపు చూశాను. ముగ్గురం చూశాం. వాడి నోరు మూసే ఉంది. ఒక కాలు గట్టు మీద, ఒక కాలు చేలో పెట్టి అలాగే ఆగిపోయాడు. మైకులో వాడు మాట్లాడుతూనే ఉన్నాడు. బౌలర్ని పలకరిస్తున్నాడు, అంపైర్ని ఆటపట్టిస్తున్నాడు. జనం నవ్వుతున్నారు.

బట్టల కొట్టువాడు గబగబా షామియానాలోకి వెళ్ళాడు. వెనకే నేనూ వెళ్ళాను. కమిటీ పెద్దాయన కుర్చీ చూపించాడు.

"ఇదెక్కడిదండీ?" అని అడిగాడు బట్టల కొట్టువాడు.

"పాత రికార్డింగండీ. ఎవరో ఫోన్లో తీశారంట. ఆట మొదలయ్యే ముందు ఇది పెడితే జనం వస్తారండీ. మహానుభావుడు, ఎంత బాగా చెప్పేవారో. పోయారంట, పాపం."

మేం వెనక్కి తిరిగాం. వాడు ఎప్పుడు వచ్చాడో మా వెనకే నిలబడి ఉన్నాడు. నేను నోరు తెరవబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. పెద్దాయనకి నమస్కారం పెట్టాడు. ఆయనా ఎవరో పెద్దమనిషి అనుకుని తిరిగి నమస్కారం పెట్టి, మంచినీళ్ళు ఇప్పించాడు. వాడు తాగి, గ్లాసు తిరిగిచ్చి, కుర్చీలో కూర్చుని, ఆట మొదలై వాళ్ళు దాన్ని ఆపేదాకా విన్నాడు. బయల్దేరే ముందు "ఆ రికార్డింగ్ తీసుకో" అని టైపు చేసి నాకు చూపించాడు. పెద్దాయన సంతోషంగా నా ఫోనుకి పంపించాడు.

మర్నాడు కొల్లేటికోట వెళ్ళాం. చేపల చెరువుల గట్ల మీదుగా కారు నెమ్మదిగా పోతుంటే నీటి వాసన లోపలికి వచ్చింది. వాడి భార్య మమ్మల్ని చూసి సంబరపడింది. "రండి అన్నయ్యగారూ, ఇన్నాళ్ళకి దారి తెలిసిందా" అంటూ వంటింట్లోకి వెళ్ళి చేపల పులుసు పనిలో పడింది.

మేం ముందు గదిలో కూర్చున్నాం. ఆమె విని సంతోషిస్తుందని మాకందరికీ అనిపించింది. వాడు తలూపాడు. నేను ఫోను బల్ల మీద పెట్టి రికార్డింగ్ పెట్టాను. రెండు ఓవర్ల కామెంటరీ అయింది. వంటింట్లో గిన్నెల చప్పుడుకి ఆమెకి అది వినబడినట్టు లేదు. అంతలో చప్పుడు ఆగింది. సరిగ్గా అప్పుడే ఫోన్లోని గొంతు, ఆ మైదానం పక్కనే ఉన్న ఈ ఇంటి వైపు తిరిగి పిలిచింది.

"ఇదిగో, వింటున్నావా? కాసిని మంచినీళ్ళు పంపించు."

"ఆ, తెస్తున్నానండీ" అంది ఆమె లోపలినుంచి.

నేను ఫోను ఆపేలోపే గ్లాసుతో గుమ్మంలోకి వచ్చేసింది. ముందు భర్త మొహం చూసింది, తర్వాత ఫోను చూసింది. గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

"ఇంట్లో పెట్టకండి అన్నయ్యగారూ" అంది. గొంతు పెంచలేదు. "పిలిచారని ఇప్పటికీ రోజుకోసారి లేచి వస్తూనే ఉన్నాను. అది మానుకుందామనే చూస్తున్నాను."

ఆమె లోపలికి వెళ్ళింది. వాడూ వెళ్ళాడు. మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకోకుండా కూర్చున్నాం. లోపల్నుంచి ఆమె మాటలొక్కటే వినిపించాయి. "నాకేం కోపం లేదండీ" అంది. కాస్త ఆగింది. "అలా ఎందుకనుకుంటాను" అంది. మళ్ళీ ఆగింది. "సరే, మీరు వెళ్ళి వాళ్ళ దగ్గర కూర్చోండి." ఆ ఆగిన చోట్ల వాడేం చెప్పాడో మాకు తెలియదు. ఆమెకి మాత్రం అంతా తెలిసినట్టే ఉంది.

సాయంత్రం టీవీలో మ్యాచ్ చూశాం. ఆమె కూడా వచ్చి గడప దగ్గర కూర్చుంది. సిక్సర్ పడ్డప్పుడల్లా వాడి పెదాలు చకచకా కదిలాయి. లెక్కల మాస్టారు ఉండబట్టలేక వాడిని అనుకరించబోయి, "బంతిగారు..." అని తడబడ్డాడు. వాడు భుజాలు కదిలేలా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వుతో మాకు కాస్త ఊపిరాడింది.

తిరిగి వచ్చాక ఆ రికార్డింగ్ నేను తీసేయలేదు, వినలేదు కూడా. జూన్ లో ఒకరోజు పని మీద పెంటపాడు వెళ్ళి వస్తూ, కారు పక్కకి ఆపి చివరిదాకా విన్నాను. ఆట అయిపోయింది. బహుమతులు ఇచ్చేశారు. మైకు కట్టేశామనుకున్నారు కాబోలు, కట్టలేదు. కుర్చీలు లాగుతున్న చప్పుడు మధ్య వాడు మాతో మామూలుగా మాట్లాడుతున్నాడు.

"ఒరేయ్, ఇవాళ ఎలా చెప్పాన్రా?"

ఆ రోజు మేం అక్కడే ఉన్నాం. మాలో ఎవరో ఒకరు జవాబు చెప్పే ఉంటాం. అది మైకుకి అందలేదు. గాలి చప్పుడుతో రికార్డింగ్ ఆగిపోయింది.

"బాగా చెప్పావురా" అన్నాను, కార్లో ఒక్కణ్ణే కూర్చుని, పైకే.

ఈ సంగతి వాడికి ఇంకా చెప్పలేదు.